బాలనర్సమ్మకు జలుబు చేసిన వారం

ఎంకపల్లి బాలనర్సమ్మ ముక్కుకు మొయినాబాద్‌లో పెద్ద పేరు. పాలు విరగబోతున్నాయని గంట ముందే చెప్పేది. ఎక్కడైనా గ్యాస్ లీకైతే వీధి మలుపులోనే ఆగి, "ఎవరింట్ల?" అని అడిగేది.

ఆమె పనిచేసేది కృష్ణారావు ఇంట్లో. భీమవరం నుంచి వచ్చిన ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రెండు వేల ఆరులో మొయినాబాద్‌లో ఇల్లు కట్టుకుని, హాల్లో గాజుతొట్టి పెట్టి, ఏడు బంగారు చేపలను పెంచుతున్నాడు. తొట్టిలోని రాళ్లకు నల్లటి నాచు పట్టింది. ఎంత రుద్దినా పోలేదు.

ఒక ఆదివారం ఆయన చేపలను ప్లాస్టిక్ టబ్బులోకి మార్చి, చేతులకు తొడుగులు వేసుకుని, రాళ్లను బ్లీచ్ కలిపిన నీళ్లలో నానబెట్టాడు. నాచు తెల్లబడి ఊడిపోయింది. రాళ్లను కుళాయి కింద ఒక్కసారి కడిగి, సంతోషంగా తొట్టి వైపు నడిచాడు.

బాలనర్సమ్మ చీపురు అడ్డం పెట్టింది.

"ఆగుర్రి సార్. రాళ్లు ఇంక కంపు కొడుతున్నయి."

"కడిగాను కదా?"

"పైపైన కడిగిన్రు. రాయికి సుత సన్న సన్న బొక్కలుంటయి, మందు లోపలికి ఎక్కుతది. గిప్పుడే ఏస్తే చేపలు సచ్చి తేల్తయి."

కృష్ణారావు రాళ్లను కింద పెట్టేశాడు. అప్పటి నుంచి రాళ్లు ఆమె అధీనంలోకి వెళ్లాయి. పొద్దునా సాయంత్రం బోరునీళ్లు మార్చింది. చేపల దుకాణంలో అమ్మే, బ్లీచ్‌ను విరిచే చుక్కల మందు ఆయనతో తెప్పించి కలిపింది. తర్వాత డాబా మీద ఎండబెట్టింది. ఇక వాసన చూసి తీర్పు చెప్పడమే తరువాయి అనగా, బుధవారం ఆమెకు జలుబు చేసింది.

"మల్లెపువ్వు, ఉల్లిగడ్డ ఒక్కతీరే అయినయి సార్," అని కుర్చీలో కూలబడింది. జీవితంలో మొదటిసారి పరాయి ముక్కుల మీద ఆధారపడాల్సి వచ్చింది.

కృష్ణారావు భార్య బాలసరస్వతి అప్పుడే పూజ ముగించి వచ్చింది. రాయి వాసన చూసి, "సాంబ్రాణిలా ఉంది," అంది. వాచ్‌మన్ ప్రేమదాసు ముక్కు సాఫ్ చేసుకుంటానని ముందు చిటికెడు నశ్యం పీల్చాడు. ఆరుసార్లు తుమ్మి, "మంచిగనే ఉన్నది," అన్నాడు.

"ఏది మంచిగున్నది? రాయా, నీ పొడా?" అని బాలనర్సమ్మ గదిమింది.

చివరికి కృష్ణారావు రాయిని ముక్కుకు ఆనించి దీర్ఘంగా ఆలోచించాడు. "డెబ్బై శాతం పర్లేదు."

"ఏడు చేపలకు డెబ్బై శాతమంటే ఎన్ని బతుకుతయి సార్?"

ఆయన లెక్కవేశాడు. "నాలుగు పాయింట్ తొమ్మిది."

"మరి గా పాయింటు చేపను ఎట్ల సాదుతరు?"

అంతలో పంచాయతీ నీళ్లు వదిలే సాముయేలు సైకిల్ మీద వెళ్తుండగా ఆమె కేకేసింది. కుళాయి నీళ్లలో బ్లీచింగ్ మందు ఎంతుందో చూసే చిన్న గాజుగొట్టం, చుక్కల సీసా అతని సంచిలో ఉంటాయి. మందు ఉంటే నీళ్లు పసుపుపచ్చగా మారతాయి. రాళ్లను కొత్త బోరునీళ్లలో రెండు గంటలు నానబెట్టాక, ఆ నీళ్లలో అతను చుక్కలు వేశాడు. చూడ్డానికి వంగిన నలుగురి తలలూ ఒకదానికొకటి తగిలాయి. లేత పసుపు!

"జరంత ఉన్నదక్కా," అన్నాడు సాముయేలు.

మూసుకుపోయిన ముక్కుతోనే బాలనర్సమ్మ గర్వంగా చూసింది. మళ్లీ చుక్కల మందు, మళ్లీ నీళ్లు, మళ్లీ రెండు రోజుల ఎండ. శనివారం సాముయేలు మళ్లీ పరీక్షిస్తే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

చేపలను తొట్టిలోకి వదిలారు. బాలనర్సమ్మ స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది. కాసేపటికి, "సార్, ఆరే ఉన్నయి!" అని అరిచింది. కృష్ణారావు ఫోన్‌లో మీటింగ్ వదిలేసి పరుగున వచ్చి, చొక్కా చేతితో సహా మోచేతి దాకా తొట్టిలో ముంచాడు. పెద్ద రాయి వెనక నుంచి ఏడో చేప తీరిగ్గా బయటికొచ్చి, నోట్లోని ఇసుక రేణువును ఉమ్మింది.

బాలనర్సమ్మకు నవ్వు ఆగలేదు, ఆ వెంటనే దగ్గు ఆగలేదు. ఆ రోజు గిన్నెలు బాలసరస్వతే తోముకుంది.