అత్తయ్యగారి చూర్ణం

ఆ రోజుల్లో రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో కూర్చుని, అమెరికాలో ఒక రాష్ట్ర ప్రభుత్వానికి గంజాయి లైసెన్సుల సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి. అక్కడది చట్టబద్ధమైన వ్యాపారం. ప్రతి మొక్కకూ ఒక నంబరు. అమ్మే ప్రతి డబ్బా మీదా లైసెన్సు, బ్యాచ్, హెచ్చరిక. ఆ లేబుళ్లు సరిచూసే భాగం నాది. నేనుండే ఆసియా ద్వీప దేశంలోనేమో, అదే సరుకు తెస్తే ఉరి అని విమానం దిగకముందే చెబుతారు. ఐటీ ఉద్యోగాలు వెల్లువెత్తిన కాలం. ఇదేం విడ్డూరమని అడిగే తీరిక ఎవరికుంది?

ఆ ఏడు మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి బిషాన్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చారు. మామయ్యగారు పోయి అప్పటికి కొన్ని నెలలే. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆవిడ హాల్లో కూర్చుని, ఎదుటి ఖాళీ కుర్చీతో మెల్లగా మాట్లాడేవారు. ఆగి, వినేవారు. తర్వాత నవ్వేవారు. మొదటిసారి చూసినప్పుడు గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఎవరితోనండీ?" అన్నాను.

"ఇంకెవరండీ, మీ మావయ్యగారే. అన్నం తిని కాస్త మందేసుకుంటే చాలు, వచ్చి కూచుంటారు."

ఆ మందు కడుపునొప్పికి రాజమండ్రిలో ఆయుర్వేద దుకాణంలో కొన్న చూర్ణం. డబ్బా వంటింట్లో ఉంటే అలవాటు కొద్దీ లేబుల్ చదివాను. లైసెన్సు ఉంది, బ్యాచ్ ఉంది, హెచ్చరిక ఉంది. నా సాఫ్ట్‌వేరైతే కళ్లకద్దుకునేది. దినుసులు చూశాను: జాజికాయ, ఏలకులు, శుద్ధి చేసిన భంగాకు. భంగంటే గంజాయి ఆకే. ఆ మహాతల్లి దాన్ని ఆవకాయ పక్కన సర్దుకుని, కస్టమ్స్ ముందు నుంచే నడిచొచ్చేశారు!

అప్పటికప్పుడే బాత్‌రూంలో పారబోసి నీళ్లు వదిలాను. జైలు మాట ఎత్తితే ఆవిడ భయంతోనే పోతారని, "ఇలాంటి మందులు ఇక్కడ ఉంచుకోకూడదటండీ" అని మాత్రం అన్నాను. సరేనన్నారు. చాలా రోజులు రైలు స్టేషన్లో పోలీసు కనబడితే చాలు, భుజాలు తడుముకున్నాను.

చూర్ణం పారబోసిన మర్నాటి నుంచి హాల్లో మాటల్లేవు. ఆవిడ మాత్రం అదే వేళకి వచ్చి, కుర్చీ కాస్త ఇవతలికి జరిపి, తలుపు వైపు చూస్తూ కూర్చునేవారు. నాకు అటు వెళ్లాలంటే భయంగా ఉండేది.

ఒక ఆదివారం లేచి నా దగ్గరికి వచ్చారు.

"మీ మావయ్యగారు పోయారండీ, బాబూ," అన్నారు, అప్పుడే కబురందినట్టు.

ఆయన పోయిన రోజున కంటతడైనా పెట్టలేదని బంధువులు చెవులు కొరుక్కున్న మనిషి, మా హాల్లో నేల మీద కూలబడి గుండెలు బాదుకుంటూ ఏడ్చారు.