లుసాకా నుంచి వచ్చిన జవాబు

జియా సరాయ్ పేట పక్కనున్న ఇంజనీరింగ్ విద్యాసంస్థలో కమలాకుమారి కంప్యూటర్ ఆపరేటరు. కాకినాడ మనిషి, భర్త కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వల్ల ఢిల్లీ చేరింది. తొంభైల మొదట్లో అక్కడ ఈమెయిలంటే ఒకే ఒక్క యంత్రం. అది ఫోను కలుపుకుని, పోగైన ఉత్తరాలు పంపి, వచ్చినవి దించుకునేది. లైను బాగోకపోతే మధ్యమధ్య పిచ్చి అక్షరాలు దొర్లేవి. వాటిని తీసేసి, అచ్చువేసి, ఎవరివి వాళ్లకు అందించడం ఆమె పని. అందువల్ల అందరి కబుర్లూ ఆమె కంట పడేవి. ఒకరి మాట మరొకరి దగ్గర ఎత్తేది కాదు.

జాంబియా నుంచి పరిశోధనకు వచ్చిన ములెంగా ఒకనాడు ఆమె బల్ల దగ్గర నిలబడ్డాడు. వచ్చీరాని హిందీలో అడిగాడు.

"దీదీ, మా దేశానికి మెయిల్ వెళ్తుందా? అమ్మకు బాగోలేదు. తను వద్దన్నా వినకుండా వచ్చాను."

చుట్టుపక్కల దేశాలకు మెయిల్ చేరవేస్తుందని విన్న దక్షిణాఫ్రికాలోని ఒక విశ్వవిద్యాలయానికి రాసి చూస్తానంది కమలాకుమారి. పై అధికారి పద్మనాభం నొసలు చిట్లించాడు.

"వర్ణవివక్ష పాటించే ఆ దేశంతో మన సర్కారుకే మాటల్లేవు కదమ్మా. మనకెందుకీ తలనొప్పి?"

"అడిగితే పోయేదేముంది సార్?"

అక్కడ మెయిల్ చూసే అతను వెంటనే జవాబిచ్చాడు. జాంబియా రాజధాని లుసాకాలోని విశ్వవిద్యాలయంలో ఒక కంప్యూటరుందట, తామే దానికి ఫోను చేసి ఉత్తరాలు అందిస్తారట. ములెంగా చెల్లెలు ఆ విశ్వవిద్యాలయంలోనే గుమాస్తా. అలా ఉత్తరం వెళ్లింది.

జవాబు వచ్చేసరికి తల్లి లేదు. అంత్యక్రియలు కూడా అయిపోయాయి. కబురంతా ఇంగ్లీషులో ఉంది. కింద రెండు వరుసలు మాత్రం కమలాకుమారికి అంతుబట్టలేదు. లైను చెడి వచ్చిన చెత్తేమో అనుకుంది. తుడిచెయ్యబోయి, ఎందుకో చెయ్యి రాక అలాగే అచ్చువేసింది.

"అతని ఉత్తరాల డబ్బాలో పడెయ్యమ్మా," అన్నాడు పద్మనాభం.

"ఇది డబ్బాలో పెట్టే కబురు కాదు సార్," అని లేచింది.

జియా సరాయ్ సందులో, మేడమీది గదిలో ములెంగా అన్నం వండుకుంటున్నాడు. ఆమెను చూడగానే మొహం వెలిగింది. కమలాకుమారి స్టవ్ ఆర్పి, అతన్ని కూర్చోబెట్టి, ముందు నోటితోనే చెప్పింది. ఆ తర్వాతే కాగితం ఇచ్చింది.

చివరిదాకా చదివి అతను తలెత్తాడు. "మీరు ముందే చదివారా?"

"చదివాను బాబూ. నా పనే అది. ఏమీ అనుకోకు."

"లేదు దీదీ. మీరు రాకపోతే ఒక్కణ్ణే చదువుకునేవాణ్ణి." చివరి వరుసల మీద వేలుంచాడు. "ఇది మా భాష. 'అన్నా, పోయేటప్పుడు అమ్మకు నీ మీద అలక లేదు' అని రాసింది చెల్లి."

అతను ఏడుస్తుంటే కమలాకుమారి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. తన చెయ్యి ఒక్కసారి కదిలి ఉంటే ఆ మాట ఇతనికి చేరేదే కాదు. ఆ తర్వాత ఏ ఉత్తరంలోనైనా తనకు తెలియని అక్షరాన్ని ఆమె తుడవలేదు.

కొన్నేళ్లకు ఎవరి మెయిల్ వాళ్లే చూసుకునే రోజులొచ్చాయి. ఇక ఎవరి దుఃఖమూ ముందుగా తనకు తెలియదు. గుండె మీది బరువు దిగినట్టనిపించింది. అయినా పొద్దున్నే ఆఫీసులో అడుగుపెట్టగానే, ఎవరికి ఏ కబురు వచ్చిందోనని కాసేపు మనసు పీకేది.