మల్లికార్జున ఎడమ పక్క

ఉదయగిరి టోర్నమెంటు ఫైనల్లో మల్లికార్జున, రమేష్‌బాబు జంట ఓడిపోతుందని ఆత్మకూరులో ఎవరూ అనుకోలేదు. ఓడించిన కావలి కుర్రాళ్లు కూడా అనుకోలేదేమో, చివరి పాయింటు రాగానే అరవడం మరిచిపోయి కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మల్లికార్జున ఆర్టీసీ డ్రైవరు. నలభై అయిదేళ్లు దాటినవాడు. అనంతసాగరం మండలంలో గొర్రెలు మేపుకునే కుటుంబం వాళ్లది. బళ్లో చదివేటప్పుడు ఆటల మాస్టారు చేతికిచ్చిన షటిల్ బ్యాట్‌ను మళ్లీ కింద పెట్టలేదు, చదువును మాత్రం ఇంటర్‌తో వదిలేశాడు. కొన్నేళ్లు లారీ తోలాడు. బస్సు ఉద్యోగం వచ్చాక ఆత్మకూరులో కాపురం పెట్టాడు. డ్యూటీ దిగి ఖాకీ చొక్కా మార్చుకుని నేరుగా షటిల్ కోర్టుకు పోయేవాడు. వ్యవసాయాఫీసులో గుమాస్తాగా చేసే రమేష్‌బాబు అక్కడే జతయ్యాడు. పొడుగు మనిషి మల్లికార్జున వెనక నుంచి బలంగా కొట్టేవాడు. పొట్టిగా, చురుగ్గా ఉండే రమేష్‌బాబు నెట్ దగ్గర కాచుకునేవాడు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఆడేవాళ్లు. నెల్లూరు నుంచి వచ్చిన జట్లు కూడా వాళ్ల ముందు నిలబడలేకపోయేవి. ఉదయగిరిలో పోటీలు పెడితే ఆత్మకూరు జనం బైకుల మీద పోయేది వీళ్ల ఆట కోసమే.

ఆ రోజు మాత్రం ఆట మొదటి నుంచీ కుదరలేదు. మల్లికార్జున ఎడమ పక్కకు షటిల్ కాక్ వచ్చినప్పుడల్లా రమేష్‌బాబు తన చోటు వదిలి అడ్డంగా పరిగెత్తాడు. రెండుసార్లు ఇద్దరి బ్యాట్లూ కొట్టుకున్నాయి. ఒకసారి ఒకరి మీద ఒకరు పడ్డారు. రమేష్‌బాబు అటు పోగానే అతను వదిలిన చోట కావలి కుర్రాళ్లు నిదానంగా కాక్ వేశారు. మొదటి గేమ్ పోటాపోటీగా పోయింది. రెండోదాంట్లో పోటీయే లేదు.

మర్నాడు పొద్దున ఆత్మకూరు బస్టాండు ఎదురుగా శ్రీనివాసులు టీ అంగడిలో ఇదే పంచాయితీ. సెల్‌ఫోన్ల అంగడి పవన్ ఆటంతా వీడియో తీసుకొచ్చాడు. గొర్రెలు, మేకల బేరగాడు పెంచలనరసయ్య బెంచీ మీద కూర్చుని కళ్లద్దాలు సర్దుకుని మరీ చూస్తున్నాడు.

“ఇక్కడ ఆపినా, చూడండి,” అన్నాడు పవన్. “ఇది మల్లన్న కొట్టాల్సింది. ఈయనెందుకు అడ్డమొచ్చినాడు?”

“కాక్‌లే సరిగ్గా లేవంట. గాలికి తేలిపోతా ఉండాయంట,” అన్నాడు శ్రీనివాసులు టీ వడపోస్తూ.

“ఆ గాలి కావలి పిలకాయలకు తగల్లేదా?” పెంచలనరసయ్య విసుక్కున్నాడు. “గాలీ లేదు, గీలీ లేదు. రమేష్‌బాబుకు పేరు పిచ్చి పట్టినాది. అన్నీ తానే కొట్టాల. పక్కనోడు బొమ్మ మాదిరి నిలబడాల. మల్లన్న ఏం చేస్తాడు పాపం?”

అంతలో డ్యూటీకి పోతూ మల్లికార్జున లోపలికి వచ్చాడు. అందరూ జరిగి చోటిచ్చారు.

పవనే మొదలుపెట్టాడు. “అన్నా, జత మార్చన్నా. నీ ఆట ఏం తగ్గలా. ఆయనతో ఉంటే నీ పేరు కూడా పోతాది.”

మల్లికార్జున టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. రమేష్‌బాబు తప్పేమీ లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అంటే మరి తప్పెవరిదని అడుగుతారు. ఏడాదిగా ఎడమ పక్క నుంచి మనుషులు, బండ్లు ఉన్నట్టుండి ఊడిపడుతున్నట్టు వస్తున్నాయని అతనికి తెలుసు. నిద్ర చాలక అని కొన్నాళ్లు, వయసు వల్ల అని కొన్నాళ్లు తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. కూతురు లిఖిత నెల్లూరులో నర్సింగు చదువుతోంది. స్టీరింగు వదిలేస్తే తనకింకేం పని వస్తుంది?

“బండి టైమైనాది,” అని లేచి వెళ్లిపోయాడు.

ఆ రోజు బస్సు ఉదయగిరి దాటి సీతారామపురం దారి పట్టింది. ఎండ ఇంకా ముదరలేదు. ముందు తలుపు దగ్గర కండక్టరు రెబెకమ్మ ఎవరితోనో చిల్లర గురించి మాట్లాడుతోంది. ఉన్నట్టుండి ఆమె పెద్దగా కేక వేసింది.

“మల్లన్నా, ఆపు! మనిషి!”

మల్లికార్జున బ్రేకు మీద ఎక్కి నిలబడ్డాడు. జనం ముందు సీట్లకు కొట్టుకున్నారు. బస్సు ఆగాక కిందికి దిగి చూస్తే, ఎడమ పక్క కాలవలో ఒక ముసలామె కూర్చుని ఉంది. మోచెయ్యి గీసుకుపోయింది. ఆమె మేకలు చెల్లాచెదురుగా కంపల్లోకి పరిగెత్తాయి. బస్సుకూ ఆమెకూ మధ్య జానెడు సందు కూడా ఉండి ఉండదు. మల్లికార్జున ఆమెను లేపి, నీళ్లిచ్చాడు. పేరడిగితే దేవకమ్మ అని చెప్పింది.

“ఓరగానే పోతా ఉండాను గదయ్యా,” అందామె. “ఇంత మనిషిని, ఇన్ని మేకల్ని. నీకు కనపళ్లేదా?”

బస్సులోంచి ఎవరో అరిచారు. “రోడ్డు మీద మేకల్ని తోలుకొచ్చి మళ్లా మాటలా?”

“ఆమె తప్పేం లేదు,” అన్నాడు మల్లికార్జున. అతనికి ఆమె కనపడలేదు. మేకలూ కనపడలేదు. అక్కడ ఖాళీ రోడ్డే ఉందని చివరి క్షణం దాకా అనుకున్నాడు.

మళ్లీ స్టీరింగు ముందు కూర్చోలేకపోయాడు. ఒంట్లో బాగాలేదని డిపోకు ఫోన్ చేశాడు. కామయ్య అనే డ్రైవరు వచ్చేదాకా ప్రయాణికులు గొణుగుతూ చెట్ల నీడన నిలబడ్డారు. రెబెకమ్మ దేవకమ్మ మోచేతికి గుడ్డ కట్టింది. మల్లికార్జున వైపు రెండు మూడుసార్లు చూసింది.

సాయంత్రం మల్లికార్జున నేరుగా రమేష్‌బాబు వాళ్లింటికి పోయాడు. అతను వరండాలో ఫోన్ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆటగాళ్ల వాట్సాప్ గ్రూపులో తనను తిడుతూ వచ్చిన మెసేజీలు చదువుతున్నాడు.

“ఇయ్యాళ ఒక ఆడమనిషిని గుద్దబోయినా,” అన్నాడు మల్లికార్జున నిలబడే.

రమేష్‌బాబు ఫోన్ పక్కన పెట్టాడు. “ఎడం పక్కా?”

“నీకెట్లా తెలుసు?”

“సంవత్సరం నుంచి ఆ పక్క కాస్తా ఉండేది నేనే గదా! డాక్టరు దగ్గరికి పోదాం రమ్మని ఎన్నిసార్లు అడిగినాను? నిద్ర లేదంటివి, లైట్లు మసగ్గా ఉండాయంటివి.”

“పొద్దున వాళ్లంతా నిన్ను తిడతా ఉంటే నేను నోరు తెరవలా.”

“తిడితే తిట్టనీలే. ఓడిపోయింది ఆటే గదా.” రమేష్‌బాబు లేచి అతని ముందుకు వచ్చాడు. “కోర్టులో నీ పక్కన నేనుండాను. రోడ్డు మీద ఎవరుండారు? ఈ మాట నేను ఎప్పుడో అడగాల్సింది. నీ ఉద్యోగం పోతాదని మూసుకోని కూర్చున్నా. ఆ బస్సు ఎక్కే జనం గురించి ఒక్క రోజన్నా ఆలోచన చేసినామా మనం?”

మల్లికార్జున మెట్టు మీద కూలబడ్డాడు.

మర్నాడు డిపోలో ఉన్నదున్నట్టు చెప్పాడు. పరీక్షలకు నెల్లూరు పంపారు. భార్య రేణుకాదేవి వెంట వచ్చింది. నీటికాసుల జబ్బు, అంటే గ్లాకోమా అన్నాడు డాక్టరు. నొప్పి ఉండదు, ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుంది, పక్క చూపు మాత్రం కొద్దికొద్దిగా తినేస్తుంది. ఎడమ కన్ను చాలావరకు పోయింది, కుడి కంట్లోనూ మొదలైంది. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడానికి చుక్కలు వేసుకోవాలి. రేణుకాదేవి డాక్టరు ముందు ఏడవలేదు. తిరుగు బస్సులో మాత్రం, “నాకన్నా చెప్పకూడదా?” అని ఒక్క మాట అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

డ్రైవింగు నుంచి తీసేశారు. డిపోలో వేరే పని ఇచ్చేదాకా ఇంట్లోనే ఉండమన్నారు. ఆ ఖాళీ రోజుల్లోనే ఒక పొద్దున శ్రీనివాసులు అంగడికి పోయి, నిలబడి, అంతా చెప్పాడు. రమేష్‌బాబు ఎందుకు అడ్డం పరిగెత్తాడో, తాను ఆ రోజు ఎందుకు మాట్లాడలేదో, అన్నీ చెప్పాడు.

పవన్ తల దించుకున్నాడు. పెంచలనరసయ్య మాత్రం మల్లికార్జున మొహంలోకే చూశాడు.

“పోయిన నెల మా అవ్వను ఆసుపత్రికి తీసకపోయినాను గదా నీ బండిలో. అప్పుడూ ఇంతేనా?”

“ఇంతే, నరసయ్యా.”

“మల్లన్న తోలతా ఉండాడు, భయం లేదు, నిద్రపో అవ్వా అని చెప్పినా ఆమెకు. నా నోటితోనే చెప్పినా.” టీ గ్లాసు నిండుగానే బెంచీ మీద పెట్టి లేచాడు. “నువ్వు ఆటలో వంద సార్లు ఓడిపోయినా నిన్ను ఒక్క మాట అనేవాణ్ణి కాదు.”

అతను పోయాక మిగతావాళ్లు ఏదో ఓదార్పుగా మాట్లాడారు. అవి మల్లికార్జున చెవికెక్కలేదు. పవన్ వాట్సాప్ గ్రూపులో పెట్టిన వీడియో తీసేసి, రమేష్‌బాబుకు క్షమించమని మెసేజ్ పెట్టాడు. రమేష్‌బాబు చూశాడు గాని జవాబివ్వలేదు. ఆ ఏడు అతను ఏ టోర్నమెంటుకూ పేరివ్వలేదు. మల్లికార్జున కోర్టు వైపు పోవడం మానేశాడు.

కొన్ని నెలలకు మల్లికార్జునను బస్టాండులో ఎంక్వైరీ గదిలో వేశారు. మైకులో బస్సుల పేర్లు చెప్పే పని. ఒక పొద్దున కిటికీ దగ్గర పెంచలనరసయ్య వచ్చి నిలబడ్డాడు. అన్నాళ్లలో అతను ఆ కిటికీ దగ్గరికి రావడం అదే మొదలు.

“సీతారామపురం బండి ఎప్పుడు?”

“అదిగో, ప్లాట్‌ఫారం మీద పెడతా ఉండారు.”

“డ్రైవరెవరు?”

“కామయ్య.”

పెంచలనరసయ్య ఇంకా కదల్లేదు. అడగాలా వద్దా అన్నట్టు కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు.

“పోయిన వారమే డాక్టరుకు కళ్లు చూపిచ్చినాడు,” అన్నాడు మల్లికార్జున. “వద్దంటా ఉన్నా నేనే పట్టుకోని పోయినా.”

పెంచలనరసయ్య చువ్వ వదిలాడు. సంచి భుజానికి తగిలించుకుని బస్సు వైపు నడిచాడు. మల్లికార్జున మైకు దగ్గరకు లాక్కుని, సీతారామపురం పోయే ప్రయాణికులను పిలిచాడు.