గాజుల పాట మాటలు విన్న రోజు

మొన్న శనివారం సాయంత్రం మా మనవరాలు నన్ను ఎయిర్‌పోర్టు రోడ్డు మీద కొత్తగా పెట్టిన ఒక కాఫీ హోటల్‌కు పట్టుబట్టి తీసుకుపోయింది. మన చుట్టుపక్కల పిల్లలే సొంతంగా పాటలు కట్టుకుని అక్కడ పాడతారట, స్టూడియోలో బోలెడు వాద్యాలు కలిపి తయారుచేసిన పాటలనే ఆ రోజు ఏ హంగూ లేకుండా ఒక్క గిటారుతో వినిపిస్తారట. ఈ వయసులో నాకెందుకు అనుకుంటూనే వెళ్లి కూర్చున్నాను. మహేశ్వరం నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఎత్తు స్టూలు మీద కూర్చుని, మైకు సర్దుకుని, "ఇది నా కతనే. మా అమ్మ గూడ వచ్చింది, గా మూలకు కూసుంది" అని నవ్వింది. తరవాత, కుదిరిన పెళ్లి వద్దని తను ఇల్లు విడిచిపోయిన సంగతిని మెల్లగా, ఒక్క మాట కూడా మింగకుండా పాడింది. తల తిప్పి మూలన ఉన్న ఆ తల్లిని చూశాను. ఆమె కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని బిడ్డ వైపే చూస్తూ వింటోంది. గది నిండా జనం ఉన్నారు, ఎవరూ లేవలేదు, ఎవరూ గుసగుసలాడలేదు.

పాట అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు గాని నా చేతులు కదలలేదు. మనవరాలు కంగారుపడి, "ఏమైంది తాతా, బాగలేదా?" అని అడిగింది. బాగాలేక కాదు. నా మనసు అప్పటికే నలభై ఏళ్లు వెనక్కి, మహేశ్వరంలోనే ఒక పెళ్లి పందిట్లోకి పోయింది.

మాది సాతంరాయి. కొంచెం మెట్టపొలం, ఊళ్లో చిన్న చర్చి, ఆ చర్చిలో హార్మోనియం వాయించే మా బాపు. నాకూ ఆ విద్య అబ్బింది. మా పెదనాన్న కొడుకు, నేను అన్నా అని పిలిచేవాణ్ణి, డ్రమ్ములూ పెద్ద పెద్ద సౌండు బాక్సులూ సంపాదించి ఒక ఆర్కెస్ట్రా పెట్టాడు. నేను కీబోర్డు, మా అక్క పాట. అందరిలా సినిమా పాటలు మాత్రమే పాడితే మనకేం పేరు వస్తుందని అక్క తనే పాటలు కట్టేది, పొయ్యి దగ్గర కూర్చుని కూనిరాగం తీస్తూ కట్టేసేది. పెళ్లయి రావిర్యాలకు పోయాక కూడా పాడటం మానలేదు. బావే స్కూటరు మీద తెచ్చి దించేవాడు, ముందు వరసలో కూర్చునేవాడు, మా ఆమె పాడుతుంది చూడండి అని పక్కవాళ్లకు చెప్పేవాడు. ఇంత మంచి మొగుడు ఎవరికి దొరుకుతాడని మా అమ్మ మురిసిపోయేది.

పెళ్లయిన రెండో ఏటో మూడో ఏటో అక్క ఒక గాజుల పాట కట్టింది. అన్న దానికి ఎగిరి గంతేసే దరువు వేశాడు, ముందు వచ్చే మ్యూజిక్ నేను కట్టాను. అది మొదలయితే చాలు, పెళ్లిళ్లలో ముసలివాళ్లు కూడా లేచి ఆడేవారు. పచ్చపచ్చని గాజులు అని అక్క అందుకోగానే జనమంతా గొంతు కలిపేవారు. ఆ తరవాత వచ్చే చరణాలు డ్రమ్ముల హోరులో ఎవరికీ వినపడేవి కావు. పక్కనే నిలబడి వాయించిన నాకూ వినపడలేదు, సాధనలోనూ దరువు మీదే ధ్యాస, వినాలని తోచనూ లేదు. ఆ పాటకు అందరికంటే ఎక్కువ ఆడినవాడు మా బావ.

మహేశ్వరంలో పెళ్లి మా చిన్నమ్మ బిడ్డది. చర్చిలో ప్రార్థన అయిపోయి, షామియానా కింద భోజనాలు నడుస్తున్నాయి. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది, తెచ్చిపెట్టుకున్న జనరేటరు నల్లటి పొగ వదిలి ఆగిపోయింది. పెళ్లికొడుకు తరఫు ఆడవాళ్లు గాజుల పాట కావాలని పట్టుబట్టారు. మైకు లేకుండా డ్రమ్ములు కొడితే గొంతు వినపడదని అన్న కర్రలు కింద పెట్టేశాడు. నేను చర్చిలో ఉన్న హార్మోనియం తెచ్చుకుని అక్క పక్కన చాప మీద కూర్చున్నాను.

"తమ్మీ, జర మెల్లగ పట్టు. ఉరకకు" అంది అక్క.

మొదటిసారి ఆ పాటను అంత నిదానంగా విన్నాను.

*పచ్చపచ్చని గాజులు, పండుగనాటి గాజులు*
*పొద్దుగూకితే సాలు, పగులుతయి గాజులు*
*కొనిచ్చిన చెయ్యేది, పగలగొట్టిన చెయ్యేది*
*అడగరేందక్కా, నన్నొక్కలన్న అడగరేందక్కా*

నేను హార్మోనియం ఆపేశాను. వడ్డించేవాళ్లు గిన్నెలు పట్టుకుని ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ముందు వరసలో బావ అలవాటు కొద్దీ పాత దరువుకే చప్పట్లు కొడుతున్నాడు, పందిరి మొత్తంలో అక్క గొంతు కాక ఆ ఒక్క చప్పుడే. కొంతసేపటికి అతనికీ మాటలు వినపడ్డట్టున్నాయి. చేతులు ఆగాయి.

బాపు విస్తరి ముందు నుంచి లేచి, ఎంగిలి చేత్తోనే అక్క దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, గిది పాటనా, నిజమా?"

అక్క తలెత్తలేదు. "నిజమే బాపు."

"పాట గద మామా, గట్లనే కడతరు" అని బావ నవ్వబోయాడు. బాపు అతని వైపు చూడనే లేదు. అక్క ముంజేతి మీది గాజులు మెల్లగా పైకి జరిపాడు. వాటి కింద మానినవీ, ఇంకా మాననివీ గాట్లు. మా అమ్మ అరిచిన అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి, నవ్వుతూ అన్నం తిని వెళ్లే మనిషి మా బావ.

"ఇంటికి పోదాం పా" అన్నాడు బాపు. అంతే.

అక్క మళ్లీ రావిర్యాల పోలేదు. బావ పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. మా చర్చి పెద్దలు కూడా సర్దుకుపొమ్మన్నారు, మొగుడి పరువు పందిట్లో తీస్తారా అని అక్కనే తప్పుపట్టారు. ఆ మాట నన్ను గాట్ల కంటే ఎక్కువ నివ్వెరపరిచింది. బాపు మాత్రం గడప దాటి వాళ్లను లోపలికి రానివ్వలేదు. తరవాత అక్క శంషాబాద్‌లో ఒక బడిలో పిల్లలకు పాటలు నేర్పే పనికి కుదిరింది, అక్కడే రిటైరయింది. ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. పిల్లల పాటలు తప్ప సొంతంగా ఇంకేదీ కట్టలేదు, ఆ గాజుల పాట మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

శనివారం ఇంటికి రాగానే ఆ మహేశ్వరం అమ్మాయి సంగతి అక్కకు చెప్పాను. చిక్కుడుకాయలు తుంచుతున్నదల్లా ఆపి నా వైపు తిరిగింది.

"డప్పులు గిట్ల ఏం లేకుంట పాడిందా?"

"ఏం లేకుంటనే అక్కా."

"వాళ్లమ్మ ముంగట్నే? ఆ పిల్లకు భయం గాలేదా?"

కాలేదని చెప్పాను. నవ్విందని కూడా చెప్పాను. మా కాలంలో మనసులోని మాట బయటపెట్టాలంటే హోరు కింద దాచుకోవలసి వచ్చేది, అదైనా కరెంటు పోతేనే ఎవరికైనా వినపడేది. ఇప్పటి పిల్లలు హోరంతా తామే తీసేసి, వినమని జనాన్ని పిలిచి మరీ కూర్చోబెడుతున్నారు. ఇంత మారిపోయిందా లోకం అని సంతోషించాలో, అక్కకు అందకుండా ఇంత ఆలస్యంగా మారిందే అని ఏడవాలో నాకు తెలియలేదు. అక్క చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపి, "వచ్చే శనివారం నన్ను గూడ తోల్కపోరా" అంది.