పన్నెండు సంతకాల బంతి

పొలం అమ్ముకొని ఏడ్చినవాళ్లను చూశాను, బంగారం అమ్ముకొని ఏడ్చినవాళ్లనూ చూశాను. పాత వాలీబాల్ ఒకటి అమ్ముకొని, దాని వెనక ఖమ్మం నుంచి భద్రాచలం దాకా బస్సులో పరుగెత్తి, చివరికి నిండు సభలో పరువు పోగొట్టుకున్నవాణ్ని మాత్రం ఒక్కణ్నే చూశాను. రోజూ పొద్దున్నే అద్దంలో కనిపిస్తాడు. చదువుతుంటే నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఆవిడ ఉమ ఇప్పటికీ పడటం లేదు.

ముందు ఆ బంతి సంగతి చెప్పాలి. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. ఉద్యోగం లేదు గానీ, మా వేంసూరులో ఏ పోటీ జరిగినా స్కోరు రాసే కుర్చీ మాత్రం నాదే. ఆడటం నాకు బొత్తిగా రాదు. బంతి నా వైపు వస్తే నేను ఇంకో వైపు పోయేవాణ్ని. అయినా ఆట అంటే ప్రాణం.

ఆ ఏడు ఆడపిల్లల వాలీబాల్ పోటీలకు దుమ్ముగూడెం అవతలి అడవి ఊళ్ల నుంచి ఒక హాస్టల్ జట్టు వచ్చింది. పన్నెండు మంది. సగం మందికి బూట్లు లేవు. ఎవరూ లెక్కచేయని ఆ జట్టు ఒక్కొక్కరినీ ఓడిస్తూ ఫైనల్‌కొచ్చి కూర్చుంది. ఆఖరి సెట్టు నడుస్తుండగా బంతి ఎగిరి ముళ్లకంచెలో పడి, తుస్సుమని ఊపిరి వదిలింది. రెండో బంతి లేదు. పెద్దలంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. నేను లేచి, "మా ఇంట్ల కొత్త బంతి ఉంది, అయిదు నిమిషాలు ఆగుండ్రి" అని సైకిలెక్కాను. ఆడటం రానివాడికి కొత్త బంతి ఎందుకని అడగకండి. ఈత రానివాళ్లు చెరువు గట్టున కూర్చోరా?

ఆ బంతితోనే ఆ పిల్లలు గెలిచారు. గెలిచాక నా జేబులో పెన్ను లాక్కొని, పన్నెండు మందీ బంతి మీద సంతకాలు చేసి నా చేతిలో పెట్టారు. అందరికంటే పొట్టి పిల్ల, నాగమణి, పేరు పక్కన ఒక పువ్వు కూడా గీసింది.

"ఇదేం పువ్వు?" అన్నాను.

"ఇప్పపువ్వు. గది గూడ తెల్వదా అన్నా?" అంది. "బంతిని పైలంగ ఉంచుకో మరి."

"ప్రాణమున్నంత వరకు!" అన్నాను. గొప్పగా ఉంటుందని అన్నాను. ఇలాంటి మాటలు అనటానికి ఖర్చేముంది?

ఏళ్లు గడిచాయి. ఖమ్మంలో ఒక ఆఫీసులో ఉద్యోగం, ఎర్రుపాలెం ఆడపడుచు ఉమతో పెళ్లి, ఖానాపురం హవేలిలో కిరాయి ఇల్లు. ఎక్కడికి మారినా బంతి నాతోనే ఉంది, బీరువా మీద, పాత గొడుగు పక్కన. దాని కథ ఆఫీసులో అందరికీ కనీసం రెండేసి సార్లు చెప్పాను. "నా బంతి లేకపోతే ఆ ఫైనలే లేదు" అన్నది నా జీవితంలోని ఏకైక వీరగాథ.

ఇక నా బుద్ధికి ఏ గాలి సోకిందో గానీ, ఒక ఆదివారం గుమ్మంలో చెప్పుల కుప్ప కాలికి తగిలి బోర్లా పడ్డాను. లేస్తూనే, "ఇంట్లో పనికిరానివన్నీ అమ్మేసి ఒక చెప్పుల స్టాండు కొంటాను" అని ప్రకటించాను. బీరువా మీదికి చూశాను. గొడుగు వానాకాలంలో పనికొస్తుంది. బంతి ఏ కాలంలో పనికొస్తుంది?

ఉమ అంది, "ఏమండీ, అది మీ గుర్తు కదా. బాగా ఆలోచించారా?"

"గుర్తు మనసులో ఉంటది, బీరువా మీద ఉండదు" అన్నాను. చూశారా, అప్పట్లో నేను ఇలా మాట్లాడేవాణ్ని.

ఫోనులో పాత సామాన్లు అమ్మే చోట ఫొటో పెట్టి, నిజాయితీగా ఇలా రాశాను: "వాడిన వాలీబాల్. గాలి నిలుస్తుంది. పైన పిల్లలు రాసిన గీతలున్నాయి, కడిగితే పోతాయి."

మర్నాడు ఫోన్ మోగింది. ఎవరో పెద్దావిడ గొంతు.

"బిడ్డా, బంతి ఉన్నదా?"

"ఉందమ్మా."

"కడిగినవా?"

"లేదమ్మా. మీరొచ్చేవరకు కిరసనాయిలు పెట్టి తళతళ మెరిపిస్త."

"వద్దు! వద్దంటున్న! దాని మీద చెయ్యి వెయ్యకు! గట్లనే ఉంచు, నేను బస్సెక్కుతున్న."

"ఏ ఊరి నుంచమ్మా?"

"భద్రాచలం."

ఇక్కడ మీకు అనుమానం వచ్చింది కదూ? ఉమకూ వచ్చింది. "మూడు గంటలు బస్సులో కూర్చొని పాత బంతి కోసం ఒక పెద్దావిడ రావటమేంటి? ఆవిడ ఆడుతుందా?" అంది. అనుమానం రానివాణ్ని నేనొక్కణ్నే. "అమ్మే నేర్పు ఉండాలె ఉమా. నేను రాసిన నాలుగు ముక్కలు చూసినవా? భద్రాచలం దాక పోయినయి" అన్నాను.

మధ్యాహ్నానికి ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, భుజాన గుడ్డసంచి. భద్రాచలంలో ఒక దవాఖానాలో పనిచేస్తానని, పేరు జోగమ్మ అని చెప్పింది. ఉమ ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టకుండా కళ్లజోడు పెట్టుకొని, బంతిని పుచ్చకాయలా మెల్లగా తిప్పుతూ ఒక్కో సంతకమూ వేలితో చదివింది. పువ్వు దగ్గర వేలు ఆగింది. తర్వాత ఒక తువాలు తీసి, పసిపిల్లకు స్నానం చేయించినట్టు బంతిని చుట్టి సంచిలో పెట్టుకుంది.

"మనవళ్లకా అమ్మా?" అన్నాను.

"ఇంట్ల పిల్లకే" అని, అడిగినంత ఇచ్చి, నేను బేరానికి సిద్ధమయ్యేలోపు గేటు దాటింది.

"ఆ బంతిలో ఏదో ఉందండీ" అంది ఉమ.

"గాలి ఉంది" అన్నాను, నా హాస్యానికి నేనే మురిసిపోతూ. సాయంత్రానికి చెప్పుల స్టాండు వచ్చింది. నాలుగు అరలు.

మూడు వారాల తర్వాత ఆఫీసులో అడుగుపెట్టేసరికి మా సూపరింటెండెంట్ ఖాసిం సార్ ఎదురొచ్చి నన్ను అమాంతం కౌగిలించుకున్నారు. ఆయనకు వాలీబాల్ పిచ్చి. ఇన్నేళ్లలో నన్ను ఎన్నడూ కౌగిలించుకోలేదు. ఇంక్రిమెంట్ రోజున కూడా.

"సీనూ! టీవీ చూసినవా? మన అడివి పిల్ల నాగమణి దేశం జట్టుకు సెలెక్ట్ అయింది! నువ్వు చెప్తవు చూడు, ఇప్పపువ్వు గీసిన పొట్టి పిల్ల, గామెనే! వచ్చే నెల ఫంక్షన్ హాల్ల సన్మానం పెడుతున్నం. నీ బంతిని స్టేజి మీద అద్దాల పెట్టెల పెడదాం. బంతి ఉన్నది గదా?"

నిజం చెప్పటానికి నోరు తెరిచాను. దానికి బదులు, "అవ్ సార్, బీరువాల భద్రంగ ఉంది" అన్న మాట బయటికొచ్చింది. ఆయన అక్కడికక్కడే అద్దాల పెట్టెకు ఆర్డరిచ్చారు.

ఇంటికొచ్చి జోగమ్మ నంబరుకు ఫోన్ చేశాను. అందలేదు. పదకొండుసార్లు చేశాను, పదకొండుసార్లూ అందలేదు. ఉమ ముందు నన్ను చూసింది, తర్వాత చెప్పుల స్టాండును చూసింది. తిట్టినా బాగుండేది.

మర్నాడే ఇద్దరం భద్రాచలం బస్సెక్కాం. కొత్తగూడెం, పాల్వంచ దాటి అడవి మొదలైన దగ్గర్నుంచీ ఉమకు ఒకటే ఆలోచన: "ఆవిడ ఎవరై ఉంటుందండీ? పాత బంతులు కొని పెద్ద ధరకు అమ్మేవాళ్లుంటారంట. ఆ పిల్ల గెలుస్తుందని ముందే తెలిసి కొన్నదేమో!" ఆ మాట నాకూ నిజమే అనిపించింది. ఈపాటికి బంతి ఏ నగరంలో ఎవరి అద్దాల బీరువాలో ఉందో!

గోదావరి వంతెన దాటి, దవాఖానా దవాఖానా తిరిగి అడిగితే మధ్యాహ్నానికి జోగమ్మ ఇల్లు దొరికింది. తలుపు తీసి, నన్ను చూడగానే సగం మూసింది.

"బంతి ఇయ్య" అంది. నేనింకా నమస్కారం కూడా పెట్టలేదు.

"అమ్మా, ఊరికే చూసిపోదామని..."

"చూసుడు కోసం ఖమ్మం నుంచి వస్తరా ఎవరన్న?"

పాత బంతి కోసం ఎవరైనా అంత దూరం వస్తారా అన్న ప్రశ్న నేను మూడు వారాల కిందట వేసుకోవలసింది. ఉమ ముందుకొచ్చి, "అమ్మా, లోపలికి రానీయండి, అంతా నేను చెప్తాను" అంది. చెప్పింది. చెప్పుల స్టాండుతో సహా చెప్పింది. అరలు ఎన్నో కూడా చెప్పింది.

జోగమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. లోపల బియ్యం డబ్బా మీద, అదే తువాలు పరుచుకొని, బంతి కూర్చొని ఉంది. దాని పైన గోడకు పతకాలు వేలాడుతున్నాయి. అన్నిటి మీదా ఒకే పేరు.

"నాగమణి మా అక్క బిడ్డ" అంది జోగమ్మ. "క్యాంపుల ఉండి ఫోన్ల నీ బంతి చూసింది. కడిగితే పోతయని రాసినవట గద, అది చదివి తింటున్న కంచం ముందట నుంచి లేచిందట. జల్దీ పో చిన్నమ్మా, పోయి పట్కరా అని ఒకటే ఏడుపు. నేను డ్యూటీ ఇడిసిపెట్టి వచ్చిన."

"మరి ఆ రోజే చెప్పొచ్చు గదమ్మా?"

"చెప్తే ఇయ్యవని భయమైంది బిడ్డా. మళ్ల వాపస్ అడుగుతవేమోనని నీ నంబరు గూడ బ్లాక్ చేసిన."

అప్పుడే ఫోన్ మోగింది. వీడియోలో నాగమణి. పొట్టి పిల్ల కాదిప్పుడు. తెరలో తల పూర్తిగా పట్టటం లేదు. నన్ను గుర్తుపట్టి, "స్కోరు రాసిన అన్న!" అని అరిచింది.

"తల్లీ, ఇన్ని పతకాలు ఉండంగ ఆ పాత బంతి నీకెందుకు?" అన్నాను. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

నవ్వు కాస్త తగ్గింది. "అన్నా, అప్పుడు మాలో ఒక్కరి దగ్గర ఫోన్ లేకుండె. ఫొటో తీసేటోళ్లు లేకుండె. పదకొండు మంది ఇప్పుడు ఎక్కడెక్కడనో ఉన్నరు. కొందరు పెళ్లయి నది అవతలికి పోయిండ్రు, ఇద్దరు ఎక్కడున్నరో తెల్వనే తెల్వదు. మేం పన్నెండు మందిమి ఒక్కతాన ఉన్నది గా బంతి మీదనే. నీ పేరు తెల్వక ఇన్నేళ్లు వెతికిన."

అందరికీ రెండేసి సార్లు కథ చెప్పినవాణ్ని, ఆ బంతి ఏమిటో నాకే తెలియదు. "నీ దగ్గరనే ఉండాలె తల్లీ" అన్నాను. ఈలోపు జోగమ్మ ఫోన్ లాక్కొని, చెప్పుల స్టాండు దగ్గర్నుంచి అద్దాల పెట్టె దాకా అంతా ఆ పిల్లకు చెప్పేసింది.

"సన్మానం గురించి ఫికర్ పడకు అన్నా, బంతిని నేనే పట్కొస్త" అంది.

గండం గడిచిందనుకున్నాను. సన్మానం రోజు ఖాసిం సార్ మైకు పట్టుకొని, "పుష్కరకాలం ఈ బంతిని కన్నబిడ్డలెక్క కాపాడిన మా సీను!" అనగానే హాలంతా చప్పట్లు. నేను లేచి వినయంగా దండం పెట్టాను. తర్వాత మైకు నాగమణి అందుకుంది.

"అన్నకు చాన థాంక్స్. అన్న గిట్ల చెప్పుల స్టాండు కోసం బంతి అమ్మకపోతే, ఇది నాకు జన్మల దొరికేది కాదు!"

ఆ పిల్ల నిజంగానే కృతజ్ఞతతో అంది. తర్వాత లేచిన నవ్వుకు ఫంక్షన్ హాలు రేకులు అదిరాయి. ఖాసిం సార్ అద్దాల పెట్టెను చూశారు, నన్ను చూశారు. నన్ను అందులో పెట్టి తాళం వేయాలనుకున్నారేమో. ఉమ అందరికంటే ముందు నవ్వింది, అందరికంటే ఆలస్యంగా ఆపింది.

చివర్లో నాగమణి ఒక కొత్త బంతి తెప్పించి, అందరి ముందూ పెద్ద పెద్ద అక్షరాలతో రాసి నా చేతిలో పెట్టింది: "నా బంతి అమ్మిన అన్నకు, ప్రేమతో." కింద సంతకం.

దేశం జట్టు అమ్మాయి స్వయంగా రాసిచ్చిన బంతి. చూపించుకుంటే గొప్ప. చదివితే పరువు తక్కువ. ఇంటికొచ్చిన చుట్టాలకు అక్షరాలు గోడవైపు తిప్పి చూపిస్తుంటాను. వాళ్లు వెళ్లేలోపు ఉమ ఇటు తిప్పుతుంటుంది.

కాబట్టి, శ్రీనివాస్ అనే నేను, పూర్తి తెలివిలో ఉండి, భార్య సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట మా ఇంటి వస్తువు ఏదైనా కొనటానికి ఎవరైనా మూడు గంటలు బస్సులో వస్తానంటే, వాళ్లను కూర్చోబెట్టి, అన్నం పెట్టి, ఎందుకు కావాలో మొత్తం కథ చెప్పించుకుంటాను. విన్నాక కూడా అమ్మను.