బ్యాటరీకి తాళం

మా ఆయన గనిలో ఎలక్ట్రీషియన్. అక్కడి పద్ధతులన్నీ ఇంటికి మోసుకొస్తాడు. ఫ్యాను బాగుచేయాలంటే ముందు మెయిన్ కట్టేసి, దానికి తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుంటే గానీ స్టూలెక్కడు. రామగుండం ఎండల్లో ఆయన పని అయ్యేదాకా మేం ఉడకాల్సిందే.

నేను మంథని దగ్గర బడిలో టీచర్ని. మా గని క్వార్టర్లున్న సెంటినరీ కాలనీ నుంచి రోజూ కారు నడుపుకుంటూ వెళ్తాను. సెలవులకు ముందు ఒకనాడు వానలో బ్రేకు తొక్కితే కారు ఆగకుండా జారి, ముందున్న బొగ్గు టిప్పరుకు జానెడు దూరంలో ఆగింది. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ మాడ్యూలు చచ్చిపోయిందట. దాని లైటు ముందునుంచే వెలుగుతోంది. "లైటే గదా, ఏం కాదు" అన్నది ఈ మహానుభావుడే. ఇప్పుడేమో, "ఇగ బండి ముట్టకు. బస్సుల పో" అన్నాడు. ఒళ్లు మండింది. పాడైంది బండి, నేను కాదు. బడి తెరిచేనాటికి కొత్తది వేయించు, నేనే నడుపుతానని పట్టుబట్టాను.

కొత్త మాడ్యూలు వచ్చింది. షెడ్డుకు ఇస్తాడా? ఇవ్వడు. ఆదివారం తనే బ్యాటరీ వైరు ఊడదీసి, దాని చివరి క్లాంపులో గనిలో వాడే తన ఎర్రతాళం దూర్చి వేశాడు. తాళం ఉన్నంతసేపూ ఆ క్లాంపు బ్యాటరీ మీద కూర్చోదు. పాత మాడ్యూలు విప్పి కొత్తది బిగించాడు. ఇక కంప్యూటరు పెట్టి దాన్ని కారుకు కలపాలి. ఆ పని తెలిసిన మనిషి కరీంనగర్ నుంచి మర్నాడు వచ్చాడు.

అప్పటికే మా ఆయన ఫస్టు షిఫ్టుకు పోయాడు. తాళంచెవి జేబులో ఉంది, జేబు భూమి కింద ఉంది. ఫోను గనిలోకి తీసుకుపోనివ్వరు.

"బ్యాటరీ తగిలియ్యకుంటే నేనేం చెయ్యాలె మేడమ్?" అని కరీంనగర్ మనిషి గడియారం చూసుకున్నాడు.

పక్క క్వార్టరులో ఉండే ఫిట్టరును పిలిచాను. హాక్సా బ్లేడు పట్టుకుని హుషారుగా వచ్చాడు. బానెట్ కింద ఎర్రతాళం చూడగానే బ్లేడు వెనక్కి దాచుకున్నాడు.

"అన్న తాళం గదా వదినా. అన్ననే తియ్యాలె."

"ఇది గని కాదయ్యా, మా కారు!"

"ఏదైతేంది? పనిలున్నోని తాళం ఇంకొకలు కొయ్యరు."

ఎదురింటాయనదీ అదే మాట. మా వరుసలో మగవాళ్లందరూ వచ్చి, తొంగిచూసి, తలలూపి పోయారు. దణ్ణం పెట్టడం ఒక్కటే తక్కువ. కరీంనగర్ మనిషి మందమర్రిలో ఇంకో బండి ఉందని వెళ్లిపోయాడు.

షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన మీద ఇల్లెగిరిపోయేలా అరిచాను.

"ఎవని పానం పనిల ఉంటదో వాని తాళం పడాలె. గది పద్ధతి," అని తాపీగా మొహం కడుక్కున్నాడు.

సాయంత్రం కరీంనగర్ మనిషి తిరుగుదారిలో వచ్చి పని పూర్తిచేశాడు. లైటు ఆరిపోయింది. నేను సంతోషంగా స్టీరింగు దగ్గరికి వెళ్లబోయాను.

"ఆగు. కొన్ని దినాలు నేను నడిపి చూస్త. గప్పటిదాక బస్సుల పో."

మళ్లీ బస్సే! నాకు ఏడుపు కూడా వచ్చింది, కోపంతో.

మర్నాడు బడి తెరిచారు. ఆయన షిఫ్టుకు పోగానే స్పానరు తీసుకుని బ్యాటరీ వైరు ఊడదీశాను. ట్రంకుపెట్టె తాళం తెచ్చి ఆ క్లాంపులోనే వేశాను. చెవి హ్యాండుబ్యాగులో వేసుకుని బస్సెక్కాను.

షిఫ్టు దిగాక ఫోను చేశాడు. "గిదేంది, బండికి తాళమేసినవ్?"

"ఆ రోడ్డు మీద ఎవరి పానం ఉంటదో వాళ్ల తాళం పడాలె గదా. అది నా తాళం."

అని ఫోను పెట్టేశాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బానెట్ ఎత్తే ఉంది. ఇంట్లో ఆయన పనిముట్ల పెట్టె నిండా బ్లేడ్లే. అయినా నా తాళం మీద గీత కూడా పడలేదు. కారు పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు.

"నీ తాళం నువ్వే తియ్యి," అన్నాడు.

తీశాను. వైరు తను బిగించాడు. బానెట్ దించి, చుట్టూ తిరిగొచ్చి, ఎడమ తలుపు తీసుకుని కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.