ఫాంట్ లేని ఫైలు

2003లో సికింద్రాబాద్ స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక ఫొటో స్టూడియో పైన నాకు లాప్‌టాప్ రిపేర్ షాపు ఉండేది. ఊరంతా సాఫ్ట్‌వేర్ మోజులో ఉంది. కంపెనీలు వదిలించుకున్న పాత లాప్‌టాప్‌లు సెకండ్‌హ్యాండ్‌లో దొరికేవి. వాటిని కొన్నవాళ్లు ఆర్నెల్లు తిరక్కుండా నా మెట్లెక్కేవాళ్లు. నాకు అప్పటికి ఎనిమిదేళ్ల అనుభవం, దానికి రెట్టింపు పొగరు. వచ్చినవాళ్లు చెప్పేది సగం వినేసరికే నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉండేది.

ఒక సోమవారం పొద్దున సత్యవతి గారు వచ్చారు. యాభై దాటిన మనిషి. విజయనగరం నుంచి వచ్చి చిలకలగూడలో స్థిరపడి, తెలుగు టైపింగ్ పని చేసేవారు. ఆవిడ లాప్‌టాప్ ఆన్ చేస్తే హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంది. డిస్క్ లోపల తిరిగే పళ్లెం మీద రాసి, చదివే భాగాన్ని హెడ్ అంటాం. అది పాడైతే వచ్చే చప్పుడే అది. డిస్క్ మార్చి విండోస్ మళ్లీ వేయాలని చెప్పాను. మార్చమన్నారు, అందులో ఉన్న పుస్తకం మాత్రం పోకూడదన్నారు.

ఆ పుస్తకం ఆవిడది కాదు. బొల్లారంలో ఉండే రిటైర్డ్ సుబేదార్ రాజలింగం గారిది. సైన్యంలో కంచరగాడిదల మీద సామాన్లెత్తి కొండలెక్కించిన మనిషి ఆయన. ఏడాదిన్నర పాటు ఆయన చెబుతుంటే ఈవిడ నేరుగా టైప్ చేశారు. కాగితం మీద ఒక్క ముక్క లేదు. పూర్తయ్యాక ప్రింటు తీద్దామనుకుంటుండగా ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

"ఆయన మాటలు ఇందులోనే ఉన్నాయి బాబూ. ఆయన దగ్గర ఇంక లేవు," అన్నారావిడ.

పాత డిస్క్‌ను నా డెస్క్‌టాప్‌కి తగిలిస్తే అదృష్టం కొద్దీ గంటసేపు పలికింది. పుస్తకం ఫైలు, నాలుగైదు ఉత్తరాలు కాపీ చేసుకుని దాన్ని పక్కన పడేశాను. కొత్త డిస్క్‌లో విండోస్, వర్డ్, అన్నీ వేసి, బుధవారం ఆవిడ ముందు దర్జాగా ఫైలు తెరిచాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు.

ఫాంట్ మరిచిపోయాను. అప్పట్లో కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు గుర్తులనే, వాటిని తెలుగు అక్షరాలుగా చూపించేది ఫాంట్. ఒకరి ఫాంట్‌లో కొట్టింది ఇంకొకరి ఫాంట్‌లో చదవలేం. ఆవిడ ఫాంట్ తయారుచేసినాయన దుకాణం ఎత్తేశాడు, ఇచ్చిన ఫ్లాపీకి బూజు పట్టింది. పాత డిస్క్‌లో ఆ ఫోల్డర్ ఉండేది, నేనే తీసుకోలేదు. కంగారుగా మళ్లీ తగిలిస్తే డిస్క్ అసలు తిరగనే లేదు. దొరికిన తెలుగు ఫాంట్లన్నీ వేసి చూశాను. అక్షరాలు తెలుగువే వచ్చాయి, ఒక్క మాటకీ అర్థం లేదు.

"అమ్మా, తప్పు నాదే. ఫైల్ ఉన్నది గానీ చదవనీకి రాదు," అన్నాను.

ఆవిడ తిట్టలేదు. ఏ కీ కొడితే ఏ అక్షరం వచ్చేదో చెప్పగలరా అని అడిగాను.

"అడిగితే చెప్పలేను బాబూ. కొడితే తెలుస్తాది. నువ్వు చదువు."

వైరు ఊడిన ఒక పాత కీబోర్డు ఆవిడ ముందు పెట్టాను. కళ్లు మూసుకున్నారు. నేను తెర మీది గుర్తులు ఒక్కొక్కటే చదివాను. వేలు కీ మీద పడగానే ఆవిడ నోరు అక్షరం పలికింది. కాసేపటికి మొదటి వాక్యం తయారైంది: "మొదటి రోజే అది నన్ను తన్నింది."

మూడో పేజీకి నా అవసరం లేకపోయింది. ఆవిడ తెర చూస్తూ, వేళ్లు ఆడిస్తూ, నాకు చెత్తలా కనిపించేదాన్ని గడగడా చదువుకుంటూ పోయారు. నేను రాసుకోవడం మరిచి నోరు తెరుచుకుని కూర్చున్నాను. చివరికి ఆవిడే నవ్వి, కాగితం నా ముందుకు జరిపారు. ఏ గుర్తు ఏ అక్షరమో పట్టిక రాసుకున్నాను. దాని ప్రకారం ఒక్కో గుర్తునూ మార్చుకుంటూ ఫైలంతా వేరే ఫాంట్‌లోకి తేవడానికి వారం పట్టింది.

సరిగా వచ్చిందో లేదో సుబేదార్ గారే చెప్పాలని, ఆదివారం ఉదయం ప్రింటు తీసుకుని ఇద్దరం బొల్లారం వెళ్లాం. నేను చదువుతుంటే ఆయన మంచం మీద కళ్లు మూసుకుని విన్నారు. ఒకచోట ఎడమచెయ్యి పైకి లేచింది. నేను ఆగాను. సత్యవతి గారు ఆ మాటను మోకాలి మీద వేళ్లతో కొట్టి చూసుకున్నారు.

"చంపా. కంచరగాడిద పేరు," అన్నారు.

చెయ్యి కిందికి దిగింది. నా పట్టికలో ఒక అక్షరం తప్పు. అట్లా ఆ పుస్తకంలో ఆ చెయ్యి నాలుగుసార్లు లేచింది, నాలుగుసార్లూ ఆయన మాటే నిజం. సాయంత్రానికి అంతా అయ్యాక ఆయన ఆవిడ చేతిని దగ్గరికి తీసుకుని, తనకంటే ఇరవై ఏళ్లు చిన్నదైన ఆ మనిషి వేళ్లను కళ్లకద్దుకున్నారు.

నేను ఆ రోజు పని మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఇప్పటికీ పాడైన డిస్క్ నా బల్ల మీదికి వస్తే, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒకటే అడుగుతాను: "ఇందులోది ఎవరు టైప్ చేసిండ్రు? వాళ్లను జెర పిలవండి."